కవరు నంబరు ఎనభై ఏడు

నాకు నోరెక్కువని మా వార్డులో మంచాలక్కూడా తెలుసు. సెలైను సీసా ఖాళీ అయినా చూసుకోకుండా ఫోనులో కబుర్లాడే వార్డుబాయ్ దగ్గర్నుంచి, రౌండ్లకు ఆలస్యంగా వచ్చే చిన్న డాక్టర్ల దాకా నా చేత మాట పడనివాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చెప్పాల్సి ఉండీ చెప్పకుండా మింగేసిన సంగతి ఒక్కటే ఉంది. అది ఒక మనిషి జీవితకాలపు పనిని మింగేసింది. ఇంకో మనిషి ఒంటికి శాశ్వతంగా ఒక ట్యూబు తగిలించింది.

మొదటి మనిషి మా పెద్ద డాక్టరుగారు. పేగు క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసే సర్జన్. ఆస్పత్రిలో చాటున ఆయన్ని అందరూ ‘ఒకటీరెండు డాక్టరు’ అంటారు. మంచం దగ్గరికి వెళ్ళి ‘ఎలా ఉన్నారు’ అని అడిగే అలవాటే లేదాయనకి. ‘ఒకటికి ఎలా వెళ్తున్నారు? రెంటికి ఎలా వెళ్తున్నారు?’ ఇదే పలకరింపు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా దుప్పటి మొహం దాకా లాక్కునేవాళ్ళు. ఆయన మాత్రం వదలడు. ధార సన్నగా వస్తోందా, ఆగి ఆగి వస్తోందా, ఎన్నిసార్లు లేస్తున్నారు, అన్నీ రాసుకునేదాకా కదిలితే ఒట్టు.

ఆ పిచ్చి ఎలా పట్టుకుందో ఆయనే ఒకసారి చెప్పారు. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో ఒక బట్టల కొట్టాయనకు పెద్దపేగు చివర క్యాన్సర్ గడ్డ తీశారట. గడ్డ శుభ్రంగా వచ్చేసింది. మూడు నెలలకు ఆ మనిషి తిరిగొచ్చి, ‘బతికించారు, మీ రుణం తీర్చుకోలేను. కానీ ఒకటికి రావడం లేదు డాక్టరుగారూ’ అన్నాడట. ఆ చోట, పేగుకూ మూత్రసంచికీ మధ్య, దారం కన్నా సన్నటి నరాలుంటాయి. గడ్డ తీసేటప్పుడు అవి తెగుతాయి. తెగితే సంచి నిండుతుందే కానీ తనంతట తాను ఖాళీ చేసుకోలేదు. ఇక జన్మంతా ట్యూబే. ‘ప్రాణం దక్కింది, ఇంకేం కావాలయ్యా’ అని పైడాక్టరు ఆ కొట్టాయన్ని పంపేశారట. ఈయనకు మాత్రం ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అప్పట్నుంచి పేగుల ఆపరేషన్లు చేస్తూనే, ఖాళీ దొరికితే మూత్రకోశం డాక్టర్ల గదిలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. పేగుల వాళ్ళు ‘ఈయన మనవాడు కాదు’ అన్నారు. మూత్రం వాళ్ళు ‘ఈయన మావాడూ కాదు’ అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అని మొహం మీదే నవ్వారు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కొలత జగ్గు పట్టుకుని తిరిగేవారు. పేషెంటు ఒకటికి వెళ్ళొచ్చాక లోపల ఇంకా ఎంత మిగిలిందో కొలవడం, రాయడం. ఇరవై రెండేళ్ళు అదే పని. చివరికి ఆ నరాల్ని ఒక్కొక్కటే విడదీసి, పక్కకు జరిపి, గడ్డని మాత్రం తీసే పద్ధతి పట్టుకున్నారు. రెండు గంటలు ఎక్కువ పడుతుంది. ఆ రెండు గంటలూ థియేటర్లో ఎవరూ దగ్గకూడదు.

నేను కళ్ళారా చూశాను కదా, ఆ పద్ధతిలో చేసినవాళ్ళు పదో రోజున బాత్రూములోంచి నవ్వుతూ వచ్చేవాళ్ళు. కానీ సర్జన్లు ఒకరి మాట ఒకరు నమ్మే జాతి కాదు. రుజువు కావాలి. దానికోసం రెండు వందల మందితో స్టడీ మొదలైంది. సగం మందికి పాత పద్ధతి, సగం మందికి కొత్తది. ఎవరికేది అన్నది చీటీలు తీసినట్టు తేలాలి. లెక్కలు చూసే ఆయన ఒకాయన రెండు వందల కవర్లు అంటించి, నంబర్లు వేసి, అంటించిన చోట సంతకం పెట్టి విడతలుగా పంపాడు. లోపల అట్టముక్క మీద ‘పాత’ అనో ‘కొత్త’ అనో ఒక్కటే మాట. పేషెంటు ఒప్పుకుని సంతకం చెయ్యగానే రిజిస్టరులో వరస నంబరు వెయ్యాలి, ఆ నంబరు కవరు చింపాలి. ఏది వస్తే అదే ఆపరేషన్.

ఆ కవర్లున్న బీరువా తాళం డాక్టరుగారు తెచ్చి నా చేతిలో పెట్టారు.

“నా దగ్గరే ఎందుకు సార్? మీ గదిలో పెట్టుకోండి,” అన్నాను.

“నా దగ్గరుంటే నా మనసు ఊరుకోదు సిస్టర్. గట్టిగా ఉన్నవాళ్ళనందర్నీ నా పద్ధతిలోకి లాక్కుంటాను, ఎలాగైనా నెగ్గాలని. అందుకే నా చేతులు కట్టేసుకుని తాళం మీకిస్తున్నా. మీకైతే ఇందులో స్వార్థం లేదు,” అన్నారు.

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. కాకపోతే తను దొంగ అవబోతున్న సంగతి ఆ దొంగకింకా తెలియదు.

మొదటి డెబ్భై కవర్లూ మందపాటి ఖాకీవి. వాటితో ఏ గొడవా లేదు. మూడో ఏడు ఖాకీ కవర్లు దొరకలేదంటూ మిగతావి తెల్ల కవర్లలో వచ్చాయి. “ఇవేం కవర్లయ్యా, ఉల్లిపొరలా?” అని స్టోరు గుమాస్తాని దులిపేశాను కూడా. దులిపానే తప్ప, పల్చటి కవరు ఎందుకు ప్రమాదమో నా బుర్రకీ తట్టలేదు, అతని బుర్రకీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఏదో ఫిల్ము వెతుకుతూ చేతిలో ఉన్న కవరుని ఎక్స్‌రేలు చూసే లైటు పెట్టె మీద పెట్టాను. లైటు వెలుగుతోంది. కవర్లోంచి ‘పాత’ అన్న మాట నల్లగా, నిక్షేపంగా కనిపించింది. కవరు చటుక్కున తీసి జేబులో పెట్టుకున్నాను.

బయట బెంచీ మీద ఇద్దరున్నారు. ఒక ముసలాయన, చూపు ఆనదు, తోడెవరూ లేరు. ఆయన పక్కన కండలు తిరిగిన తాపీమేస్త్రి, ముగ్గురు కొడుకుల్ని వెంటేసుకుని వచ్చాడు. ముసలాయన ముందొచ్చాడు, వరస ప్రకారం ఈ కవరు ఆయనది. కళ్ళు కనపడని మనిషి ట్యూబు ఎలా చూసుకుంటాడు, ట్యూబుకి కట్టిన సంచి ఎవరు మారుస్తారు? మేస్త్రికైతే ముగ్గురు కొడుకులు. రిజిస్టరు తీసి మేస్త్రి పేరు ముందు రాశాను. కవరు చింపి చూడలేదు, నంబరు దిద్దలేదు. వరస మార్చాను, అంతే కదా అనుకున్నాను. ఆ ‘అంతే కదా’ అన్న మాటకి నా చెంపలు నేనే వాయించుకోవాలి.

నాకు అర్థమైన వైద్యం అంతే. మంచి ఆపరేషన్ ఒకటుంది, అది ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకి దక్కాలి. అప్పట్నుంచి ఒకే వారంలో ఇద్దరు ముగ్గురు వచ్చినప్పుడల్లా, తలుపు మూసి లైటు పెట్టె దగ్గరికి వెళ్ళేదాన్ని.

ఎనభై ఏడో కవరు రోజు మాత్రం నిన్న జరిగినట్టుంది. పొద్దున తొమ్మిదింటికి ఈత మాస్టారు వచ్చాడు. నలభై ఆరేళ్ళు, పిల్లలకి కొలనులో ఈత నేర్పుతాడు. క్యాన్సరని తెలిసి కూడా నవ్వుతూనే ఉన్నాడు. “సిస్టర్, నీళ్ళలో బతికేవాణ్ణి. నాకు నీళ్ళతోనే పేచీ రాకుండా చూడమనండి మీ డాక్టరుగారిని,” అన్నాడు. పదింటికి కుట్టుమామ్మ వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళు, ఇరవై ఏళ్ళుగా షుగరు, మిషను మీద బట్టలు కుట్టుకుని ఒక్కతే బతుకుతోంది. కాగితాల మీద సంతకం పెడుతూ నా కోటుకేసి చూసి, “గుండీ వేలాడుతోందే అమ్మాయీ, ఇలా రా,” అంది. సంచిలోంచి సూదీదారం తీసి, నేను వద్దంటున్నా వినకుండా, నా ఒంటి మీదే కుట్టేసి దారం పంటితో తెంపింది.

ఎనభై ఏడులో ‘కొత్త’ ఉంది. ఎనభై ఎనిమిదిలో ‘పాత’ ఉంది. ఎనభై ఏడు ఈత మాస్టారిది. మాస్టారి పేరు ఎక్కించకుండా ఆపి, అక్కడ మామ్మ పేరు రాశాను.

మాస్టారికి గడ్డ పోయింది, దాంతోపాటు నరాలూ పోయాయి. ఎన్ని మందులు వాడినా మూత్రసంచి కదల్లేదు. చివరికి పొత్తికడుపు దగ్గర చిన్న రంధ్రం పెట్టి ట్యూబు వేశారు, దానికో సంచి. నెలకోసారి ట్యూబు మార్చాలి. మార్చేది నేను. ట్యూబూ సంచీ కట్టుకున్న మాస్టారి దగ్గర ఈతకి పిల్లల్ని ఎవరు వదులుతారు? ఇప్పుడు అదే కొలను గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు. “లోపల పిల్లలు తప్పుగా చేతులాడిస్తుంటే ఇక్కణ్ణుంచే అరుస్తుంటా సిస్టర్. గొంతుకేం రోగం లేదుగా,” అని నవ్వేవాడు. ట్యూబు మార్చాక ప్రతిసారీ, “మీ చెయ్యి పడితే నొప్పే తెలియదు,” అనేవాడు. వాత పెట్టినా అంత మండదు.

పోనీ మామ్మ బాగుపడిందా? ఆవిడకీ ట్యూబు తప్పలేదు. “ఇరవై ఏళ్ళ షుగరు సిస్టర్. ఆవిడ మూత్రసంచి ముందే అలిసిపోయింది. నరాలు దక్కించినా పనిచేసే ఓపిక దానికి లేదు,” అన్నారు డాక్టరుగారు. పద్నాలుగు నెలలకి ఆ షుగరుతోనే మామ్మ పోయింది. అప్పటికైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఒకసారి జాలికి అలవాటుపడ్డ చెయ్యి ఆగలేదు.

తొమ్మిదేళ్ళకి స్టడీ పూర్తయింది. లెక్కలాయన కాగితాలతో వచ్చిన రోజు డాక్టరుగారు కొత్త చొక్కా వేసుకున్నారు. ఆయన కొత్త చొక్కా వేసుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకూ కుర్చీ వేయించి, “తాళం మోసిన మనిషి, మీరూ వినాలి,” అన్నారు.

లెక్కలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. “సార్, రెంటికీ తేడా కనపడలేదు,” అన్నాడు.

“ఒకసారి మళ్ళీ చెప్పండి.”

“పాత పద్ధతిలో ఎంతమంది ట్యూబుతో మిగిలారో, కొత్త పద్ధతిలోనూ దాదాపు అంతమందే. ఒకరిద్దరు ఎక్కువే. ఒక వింతేమిటంటే, కొత్త పద్ధతి వైపు షుగరు వాళ్ళూ, వయసు మళ్ళినవాళ్ళూ ఎక్కువ పడ్డారు.”

“అలా ఎలా పడతారు?”

“అరుదే సార్. కానీ చీటీల్లో అలా కూడా పడొచ్చు. వయసూ షుగరూ పక్కకి తీసి కూడా లెక్క కట్టి చూశాను. గట్టిగా ఏమీ తేలలేదు.”

చూపు ఆనడం లేదని జాలిపడ్డాను, తోడు లేదని జాలిపడ్డాను, ఒకావిడ బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే జాలిపడ్డాను, ఒకావిడ గుండీ కుట్టిందని జాలిపడ్డాను. ఆయన కాగితాల్లో వయసుకో గడి ఉంది, షుగరుకో గడి ఉంది. నా జాలికి గడి లేదు. ఎలా తేలుతుంది? ఓడిపోయేవాళ్ళనందర్నీ ఏరి ఏరి డాక్టరుగారి వైపు నిలబెట్టింది నేను. వాళ్ళని గెలిపించాలని.

అప్పుడే నోరు విప్పాలి. విప్పలేదు. ఊళ్ళో అందరి తప్పులూ కడిగిపారేసే నోరు ఆ గదిలో నాలుక పిడచకట్టుకుని కూర్చుంది.

నెల తిరక్కుండా ఆస్పత్రి కమిటీ ఒక కాగితం పంపింది. ఫలితం లేని దానికి రెండు గంటల అదనపు మత్తు అనవసరం, కొత్త పద్ధతి ఆపెయ్యండి, అని. డాక్టరుగారు ఎదురు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు జగ్గు పట్టుకుని తిరిగిన మనిషి, జగ్గు కడిగించి అలమరలో పెట్టేశారు. మధ్యాహ్నాలు గదిలో కూర్చుని తన పాత ఆపరేషన్ల వీడియోలు వేసుకుని చూసేవారు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసేవారు. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్తే తెర మీద ఆయన చేతులే కదులుతున్నాయి.

“సిస్టర్, ఇక్కడ చూడండి. ఇక్కడ నా చెయ్యి కొంచెం తొందరపడినట్టు లేదూ?”

“లేదు సార్.”

“మీరు పక్కనే నిలబడేవారు కదా. నిజం చెప్పండి. ఎక్కడో నరాన్ని లాగేస్తున్నాను. నాకే తెలియడం లేదు. లేకపోతే ఇంతమందికి ఎందుకలా అవుతుంది?” అని తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. అది తన చెయ్యి కానట్టు, ఎవరో ఇచ్చి వెళ్ళినట్టు చూసుకున్నారు.

ఇంటికెళ్ళి మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, “అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కావు సరే. ఇప్పుడు నువ్వు చెప్తే ఆయన స్టడీ దొంగ స్టడీ అవుతుంది. చెప్పకపోతే ఆయన చెయ్యి దొంగదవుతుంది. నీ ఇష్టం,” అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆయన నోట ఇంత సరైన మాట వినలేదు. అది ఆ రోజే రావాలా? నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే రిజిస్టరు పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. “సార్, మీ చేతిలో దోషం లేదు. దోషం నాది,” అని లైటు పెట్టె దగ్గర్నుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఆయన ఒక్క మాట అడ్డురాలేదు. నేను ఆగాక లేచి తలుపు గడియ వేశారు. తిడతారేమో, బయటికి వినపడకూడదని వేశారేమో అనుకున్నాను. వచ్చి రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశారు.

“ఏయే నంబర్లు?”

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను.

“ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది. తెలుసు సార్. డెబ్భై మూడు, నాలుగు. తొంభై ఆరు...”

“ఇంకా?”

ఒక్కో పేరూ చదువుతూ వచ్చారు. ఈవిడ? అవును. ఈయన? కాదు. ఈయన? ఏమో సార్. ఈవిడ? మార్చాననుకుంటా, గుర్తులేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. కచ్చితంగా మార్చినవి ఇరవై మూడు తేలాయి. ఏమో అన్నవి ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒకటి దగ్గర ఆయన పెన్ను ఆగిపోయింది.

“అన్నీ తెలిస్తే ఎక్కడ చెడిందో లెక్కకట్టి చూపించేవాళ్ళం సిస్టర్. తెలియనివి ఇన్నుంటే ఇక ఏదీ నమ్మడానికి లేదు. నా పద్ధతి మంచిదని చెప్పలేం. చెడ్డదనీ చెప్పలేం.”

“మళ్ళీ మొదలుపెట్టండి సార్. ఒకటో నంబరు నుంచి. నన్ను దగ్గరికి కూడా రానివ్వకండి.”

“తొమ్మిదేళ్ళు పడుతుంది. నాకు సర్వీసు రెండేళ్ళుంది.”

“తిట్టండి సార్, ఒక్క మాటైనా తిట్టండి,” అన్నాను. నిజంగా అడుక్కున్నాను.

“తిడితే వరస మారుతుందా?” అన్నారు. పెన్నుకి మూత పెట్టి, “మనసు ఊరుకోదని నా చేతులు కట్టుకున్నాను కానీ, మీకూ ఒక మనసుంటుందని అనుకోలేదు చూడండి,” అన్నారు. ఆ మాట కోపంగా అనుంటే ఎంత బావుండేది! ఆయన తన తప్పేదో దొరికినట్టు అన్నారు.

కమిటీకి రాసిన ఉత్తరంలోనూ అదే పని చేశారు. కవర్లు పల్చగా ఉన్న సంగతి పరీక్షించి చూసుకోవాల్సింది తనేనని, బాధ్యత తనదేనని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. “మీరెవరండీ నా తప్పు మీ నెత్తిన వేసుకోవడానికి?” అని ఆయన మీదే అరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తప్ప ఇంకేముంది? కమిటీ స్టడీని కొట్టేసింది. విచారణ తేలేదాకా నన్ను రిజిస్టర్లు ముట్టుకోవద్దంది. ట్యూబులు మార్చే గదిలో మాత్రం వేరే మనిషి లేదు కాబట్టి అక్కడే ఉండమంది. కొత్త పద్ధతి మీద నిషేధం అలాగే ఉంది. పొద్దున లేస్తే థియేటరుకి వెళ్ళే ప్రతి ట్రాలీనీ చూస్తున్నాను. అందరికీ పాతదే. ఇప్పుడు ఏ కవరూ లేదు, మార్చడానికి ఏ వరసా లేదు.

“రిజిస్టరులో ఉన్నవాళ్ళకి చెప్పాలి. అది వాళ్ళ హక్కు,” అన్నారు డాక్టరుగారు. “ఈత మాస్టారికి నేను చెప్తాను.”

“వద్దు సార్. ఆయనకి నేనే చెప్పాలి,” అన్నాను.

నెల తేదీకి మాస్టారు వచ్చాడు. బల్ల మీద పడుకుని చొక్కా పైకి తీసి, “కానివ్వండి సిస్టర్. ఇవాళ గేటు దగ్గర రద్దీ,” అన్నాడు. నేను చేతికి గ్లౌజు వేసుకోలేదు. ముందు చెప్పేశాను. ఎక్కువ మాటలు వాడలేదు, ఏడవలేదు. ఏడిస్తే ఆయనే నన్ను ఓదారుస్తాడు, అలాంటి మనిషి.

“ఊరుకోండి సిస్టర్, పొద్దున్నే పరాచికాలు,” అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. లేచి కూర్చున్నాడు.

“ఎనభై ఏడు నాదా?”

“మీదే.”

“అందులో కొత్తదుందని మీకు తెలుసా?”

“తెలుసు మాస్టారూ.”

“ఆ మామ్మ బావుందా?”

“పోయింది. ట్యూబుతోనే పోయింది.”

ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కింద నుంచి పైకి, ఒక్కొక్కటి.

“నేను గట్టిగా ఉన్నాననేగా?” అన్నాడు.

“అవును.”

“గట్టిగా ఉండటం నా తప్పా సిస్టర్?”

ట్యూబు మార్పించుకోకుండానే దిగి వెళ్ళిపోయాడు. వరండా చివరిదాకా వెంటపడ్డాను. “మాస్టారూ, నా మీద కోపం నా మీదే చూపించండి, ట్యూబు మీద వద్దు. గడువు దాటితే మూసుకుపోతుంది,” అని అరిచాను. వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగో రోజున భార్య భుజం మీద చెయ్యేసి, నడుం వంగిపోయి వచ్చాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుంది. “పొద్దుట్నుంచి చుక్క పడట్లేదు సిస్టర్. కడుపు రాయిలా అయిపోయింది. ఇంటి దగ్గర ఆస్పత్రికే పోదామని ఒకటే పట్టు! దారిలో నేనే ఇటు తిప్పించాను. మీ చెయ్యైతేనే ఈయనకి నొప్పి తెలియదు కదా,” అంది ఆవిడ. ఆవిడకి ఏమీ చెప్పలేదని నాకు అర్థమైంది.

ఈ పని చెయ్యడానికి ఇంకెవరైనా ఉన్నారేమోనని వరండాలోకి చూశాను. ఎవరూ లేరు. ఆయన నా వైపు చూడకుండా బల్లెక్కి పడుకుని కళ్ళు మూసుకున్నాడు. గ్లౌజులు వేసుకున్నాను. కొత్త ట్యూబు ప్యాకెట్టు చేతిలోకి తీసుకున్నాను.

“చింపేముందు లైటుకి పట్టి చూడండి సిస్టర్,” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “నాకు రావాల్సిందేనా కాదా చూసుకోండి.”

“ఇంత నొప్పిలోనూ జోకులే ఈ మనిషికి,” అంది భార్య, పైటచెంగుతో ఆయన నుదురు తుడుస్తూ. నా వైపు చూసి, నేనూ నవ్వుతానని ఆగింది.

ప్యాకెట్టు చింపాను. పాత ట్యూబు తీసి కొత్తది పెట్టాను. సంచి నిండటం మొదలైంది. ఆయన పొట్ట మెల్లగా దిగింది, గుప్పిళ్ళు విడిపోయాయి. ఈసారి నొప్పి తెలియలేదని అనలేదు. ఆవిడ రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టబోతే ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను.

“మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటారు సిస్టర్?” అంది.

ఆయన అప్పటికే తలుపు దాకా వెళ్ళి నిలబడ్డాడు, మొహం అటు తిప్పుకుని. ఇంకో చోటికి వెళ్ళమని చెప్దామనుకున్నాను. ఈ పని చేసే గది చుట్టుపక్కల ఇదొక్కటే. చీటీ మీద వచ్చే నెల తారీఖు రాసి ఆవిడ చేతికిచ్చాను.